రోబో మేడం

ఆపరేషన్‌కి ముందు డాక్టరు గారు చెప్పవలసిందంతా చెప్పారు. థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు గొంతుకు వెళ్ళే నరం పక్కనే ఉంటుందని, ఒక్కోసారి అది కమిలి మాట దెబ్బతినవచ్చని, అలా జరిగినా చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందని. విని తలూపాను. కాగితం మీద సంతకం పెట్టాను. మా ఆయన పక్కన నిలబడి, "ఈవిడ గొంతు కాస్త తగ్గితే మా వీధికి మంచిదేనండి" అని నవ్వారు. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆ మాట అన్నందుకు ఆయన తర్వాత చాలా బాధపడ్డారని నాకు తెలుసు. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

మెలకువ వచ్చాక నర్సు నా పేరు చెప్పమంది. చెప్పాను. గాలి వచ్చింది, పేరు రాలేదు.

మాది జగ్గయ్యపేట. నేను పనిచేసే హైస్కూలు నందిగామ వెళ్ళే హైవే దిగి, ఆటోలో లోపలికి వెళితే వచ్చే పల్లెలో ఉంది. ఫిజిక్స్ చెబుతాను. ఇరవై ఏళ్ళు గొంతుతోనే బతికాను. తొమ్మిదో తరగతిలో నేను పాఠం చెబుతుంటే ఆఫీసు గదిలో కూర్చున్న హెచ్చెమ్ గారికి ఆ పాఠం మొత్తం వచ్చేసేదట. ఆవిడే అనేవారు.

కుట్లు ఊడదీశాక మెడ మీద చర్మం మొద్దుబారింది. వేలితో నొక్కితే ఇంకెవరి మెడనో నొక్కినట్టు ఉండేది. ఆ మొద్దుబారడం కొన్నాళ్ళకు మెడ దిగి లోపలికి కూడా వచ్చింది. అందరూ నేను ఏడుస్తానని ఎదురుచూశారు. మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్ చేసి తనే మాట్లాడేది, నేను వింటున్నానో లేదో తెలియడానికి ఫోన్ మీద గోరుతో కొట్టమనేది. కొట్టేదాన్ని. అటువైపు తను ఏడ్చేది. నాకు మాత్రం స్టవ్ మీద పాలు గుర్తొచ్చేవి.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. షిఫ్టు దిగి వచ్చాక మొదట్లో అన్నీ చెప్పేవారు. నేను తలూపేదాన్ని. ఒక మనిషే మాట్లాడుతూ ఉంటే ఆ మాటలు ఎంతోసేపు సాగవు. నెమ్మదిగా ఆయనకూ మాటలు తగ్గిపోయాయి. పక్క గదిలోంచి "అన్నం పెట్టనా" అని నేను మెసేజ్ పెడితే, ఆయన కూడా "ఆగు" అని మెసేజే పెట్టడం మొదలుపెట్టారు. ఆయన గొంతు బాగానే ఉంది. అయినా అలా అలవాటయింది.

సెలవు అయిపోయి బడికి వెళ్ళిన మొదటిరోజు పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గుసగుసగా చెప్పాను. ముందు వరుస వాళ్ళకి వినిపించింది. వారం తిరిగేసరికి వాళ్ళ జాలి అయిపోయింది. పిల్లలు కదా, ఎన్నాళ్ళని జాలిపడతారు. బోర్డు మీద రాయడానికి వెనక్కి తిరిగితే చాలు, క్లాసు సంతలా అయ్యేది. డస్టర్‌తో బల్ల మీద కొట్టేదాన్ని. చప్పుడుకి ఆగేవాళ్ళు, నా వైపు చూసేవాళ్ళు, నేను చెప్పేది వినపడక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

హెచ్చెమ్ గారు ఒకరోజు గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు.

"మేడం, ఏమీ అనుకోకండి. పదో తరగతికి పరీక్షలున్నాయి గదా. మ్యాథ్స్ సార్ని రెండు పీరియడ్లు చూడమన్నా. మీరు కొన్నాళ్ళు ఆఫీసులో ఆన్‌లైన్ పనులు చూడండి. గొంతుకి రెస్ట్ ఇచ్చినట్టు ఉంటది."

ఆవిడ మంచి మనిషే. ఆ మాట చెప్పడానికి పొద్దున్నుంచీ ఇబ్బంది పడ్డారని కూడా తెలుస్తూనే ఉంది. నేను తలూపి ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. మధ్యాహ్న భోజనం చేసినవాళ్ళు, బూట్లు అందినవాళ్ళు, రక్తపరీక్ష అయినవాళ్ళు. ఒక్కొక్క పేరు ఎక్కించడం. గోడ అవతల మ్యాథ్స్ సారు దర్పణాలు చెబుతున్నారు. నాభ్యంతరం దగ్గర తప్పు చెప్పారు. లేచి వెళ్ళి సరిదిద్దాలని కూడా అనిపించలేదు.

ఆ రోజుల్లోనే బస్సులో ఫోన్ చూడటం ఎక్కువైంది. ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చాక సీటు దొరకడం కష్టం. నిలబడే ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫోన్. చీరలు, వంటలు, ఎవరో కొన్న ఇల్లు, ఎవరి పిల్లో డాన్సు. వేలు కదులుతూ ఉండేది. వాటి మధ్యలో ఒక సారు వచ్చారు.

నడివయసు, గళ్ళ చొక్కా, వెనకాల గవర్నమెంటు బడి గోడ. రాయలసీమ మాట. "సార్లూ, మేడమ్‌లూ, మన బళ్ళలో పెద్ద టీవీ మాదిరి టచ్ ప్యానెల్ గోడకు తగిలించి ఉండాది. దాన్ని సినిమా చూసేదానికి వాడతాండామా, పాఠం చెప్పేదానికి వాడతాండామా?" అని మొదలుపెట్టి, దాని మీద సర్క్యూట్ ఎలా గీయాలో, పిల్లలు బల్బు వెలిగించేలా బొమ్మను ఎలా కదిలించాలో చూపించారు. చేతులు తిప్పడం లేదు, మ్యూజిక్ లేదు. ఎక్కడ నొక్కాలో చెప్పడం, నొక్కి చూపించడం. అంతే. చిల్లకల్లు టోల్‌గేటు దాటేలోపు మూడు వీడియోలు చూశాను. మర్నాడు ఫోన్ తనంతట తనే ఆయన్ని ముందు చూపించింది. ఆయన్ని చూస్తే ఇంకొందరు వచ్చారు. తెనాలి వైపు ఒక మేడం, బెంగుళూరులో ఉండి టీచర్లకు శిక్షణనిచ్చే ఒకాయన, ఇంగ్లీషులో చాలా వేగంగా చెప్పే ఒకమ్మాయి. నేను ఎవరినీ ఏదో నేర్చుకోవాలని చూడలేదు. వేలు ఆగింది కాబట్టి చూశాను.

ఒక సాయంత్రం బస్సు దారిలో ఆగిపోయింది. ముందు లారీ ఏదో తిరగబడిందన్నారు. ఆ ఖాళీలో ఆ సారు వీడియో కింద రాశాను: "సార్, గొంతు లేని టీచరు వీటితో పాఠం చెప్పగలదా?"

ఇంటికి వెళ్ళేసరికి కింద చాలామంది రాశారు. దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు. ఒకావిడ తేనె, మిరియాలు చెప్పారు. ఒకాయన ఏ ఆస్పత్రి అని అడిగారు. సారు మర్నాడు పొద్దున రాశారు.

"మేడం, క్లాసులో ఎంతమంది పిల్లోళ్ళు? ప్యానెల్ పనిచేస్తాందా? కరెంటు ఏ టైంలో పోతుంది? గుసగుసగా వస్తుందా, అది కూడా రాదా?"

పాపం అనలేదు. ధైర్యంగా ఉండమనలేదు. నాకు అందరూ ఆ రెండే చెబుతున్న రోజులు అవి. నాలుగు ప్రశ్నలకూ జవాబు రాశాను. అప్పట్నుంచి విడిగా మెసేజ్‌లు పెట్టుకోవడం మొదలైంది.

ఆయన చెప్పింది తేలికగానే ఉంది, చేయడమే తేలిక కాదు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా రాసుకోవాలి. ఒక్కో ముక్క నాలుగు వాక్యాలు మించకూడదు. రాసిన దాన్ని చదివే యాప్ ఒకటుంది, దానిచేత చదివించి ప్యానెల్లో పెట్టుకోవాలి. చదువుతుండగా అక్షరాలు కూడా కనపడాలి. ప్రతి ముక్క తర్వాత ఒక ప్రశ్న. పిల్లలందరి దగ్గరా నలుపు తెలుపు గళ్ళున్న అట్టముక్క ఒకటి ఉంటుంది. ఏ వైపు పైకి పెడితే ఆ జవాబు. ఫోన్ కెమెరా ఇటునుంచి అటు తిప్పితే ఎవరు సరిగ్గా చెప్పారో, ఎవరు తప్పు చెప్పారో పేర్లతో సహా వచ్చేస్తుంది. "మీరు ముందర నిలబడాకండి మేడం. వెనకాల నిలబడండి. ముందర ఉంటే మిమ్మల్ని మాట్లాడమని చూస్తా ఉంటారు."

మొదటి పాఠం రాయడానికి చాలా తంటాలు పడ్డాను. ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠంలో సగం పాఠం కాదని, "ఆఁ… ఏంటీ… చూడండి… నువ్వు లే" అనే మాటలేనని రాయడానికి కూర్చుంటే తెలిసింది. అవి తీసేస్తే ఒక పేజీ కూడా రావడం లేదు. ఆయనకు పంపించాను. "ఇది బుక్కులో మాట. మీ మాట రాయండి" అని వెనక్కి పంపారు. మళ్ళీ రాశాను. మళ్ళీ పంపారు. విసుగు వచ్చింది. విసుగు వచ్చిందని గమనించి కాసేపు అలాగే కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత లోపల కదిలిన మొదటి సంగతి అదే.

హెచ్చెమ్ గారిని ఒక్క పీరియడ్ అడిగాను. ఫోన్లో రాసి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివి, "సరే, చూద్దాం లెండి" అన్నారు.

ఓమ్ నియమం. ప్యానెల్ ఆన్ చేసి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. యాప్‌లోని ఆడగొంతు చాలా భక్తిగా, "ఓం… నియమం" అంది. ముందు వరుసలో ఎవరో రెండు చేతులూ జోడించారు. క్లాసంతా దండం పెట్టింది. ఒకటే నవ్వులు. "ఇది రోబో మేడం రా" అన్నారెవరో. ఆ పేరే ఖాయమైపోయింది.

కానీ ఆ నవ్వు తర్వాత విన్నారు. అట్టముక్కలు ఎత్తారు. ఫోన్ తిప్పాను. సగంమంది తప్పు. అదే ముక్క మళ్ళీ వేశాను. ఈసారి పావు వంతు తప్పు. నేను వెనక నిలబడి వాళ్ళ వీపులు చూస్తున్నాను. ఎవరి జడలో పువ్వులున్నాయి, ఎవరి కాలర్ చిరిగింది, ఎవరు పక్కవాళ్ళ అట్టముక్క చూసి తమది తిప్పుతున్నారు. ఇరవై ఏళ్ళుగా మొహాలే చూశాను, వీపులు ఎప్పుడూ చూడలేదు. గంట కొట్టారు. ఎవరూ లేవమనకపోతే కూర్చునే ఉన్నారు. నేను చెయ్యి ఊపితే లేచారు.

హెచ్చెమ్ గారు పదో తరగతి నాకు తిరిగి ఇచ్చేశారు. సారుకి మెసేజ్ పెడితే, "మంచిది. కటకాలకు బొమ్మ చిన్నది చేయండి" అని రాశారు.

ఒకరోజు పదో తరగతిలో మూడో బెంచీ అమ్మాయి నిలబడింది. అది దేనికైనా నిలబడి అడుగుతుంది.

"మేడం, రోబో మేడం బదులు మీ గొంతే పెట్టొచ్చు గదా అందులో?"

ఎలా అన్నట్టు చెయ్యి తిప్పాను.

"ఏమో మేడం. ఇప్పుడు ఎవరి గొంతునైనా చేస్తున్నారంట గదా."

ఆ సంగతి సారుకి రాశాను. చేయవచ్చు అన్నారు. పాత రికార్డింగ్‌లు ఏమైనా ఉంటే పంపమన్నారు. కరోనా అప్పుడు బళ్ళు మూసేసినప్పుడు, పిల్లల గ్రూపులో రోజూ పాఠాలు గొంతుతో చెప్పి పంపేదాన్ని. ఆ గ్రూపు ఇంకా ఫోన్లో ఉంది. ఆ పిల్లలందరూ ఇంటర్లు, డిగ్రీలు చదువుతున్నారు. గ్రూపులో ఎవరూ ఏమీ రాయరు. వెతికి పది, పదిహేను పంపించాను. పంపేముందు వినలేదు.

రెండు రోజులకు ఆయన ఒక లింకు పంపారు. "ఇక్కడ రాస్తే అది మాట్లాడుతుంది. చూసుకొని చెప్పండి" అన్నారు.

ఆదివారం పొద్దున. మా ఆయన వెనక వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నారు. నేను ముందు గదిలో కూర్చుని లింకు తెరిచాను. ఖాళీ గడి వచ్చింది. ఏం రాయాలో తోచలేదు. "కాంతి కిరణం గాజులోకి వెళ్ళేటప్పుడు వంగుతుంది" అని రాశాను. అది చెప్పింది. నా గొంతే. గట్టిగా, చివర కాస్త సాగదీసి, నేను చెప్పినట్టే. ఇంకొకటి రాయాలని చెయ్యి లాగింది. ఆలోచించకుండా రాశాను. "ఏవండీ, టీ పెట్టనా?"

వరండాలో మగ్గు కింద పడిన చప్పుడు. మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒక చెంపకి నురగ అలాగే ఉంది.

"వచ్చిందా?" అన్నారు. "మాటొచ్చిందా?"

నేను ఫోన్ చూపించాను. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నురగ కారి బనీను మీద పడుతోంది. నేను కొంగు తీసి తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మళ్ళీ పెట్టు," అన్నారు.

పెట్టాను. 'ఏవండీ, టీ పెట్టనా?'

"ఇంకోసారి."

పెట్టాను. ఆయన విన్నారు. వినడం అయిపోయాక ఏదో దుకాణంలో వస్తువు చూసి వద్దనుకున్నట్టు తల అడ్డంగా కొద్దిగా ఆడించి, గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళి టీ పెట్టాను. ఇద్దరం తాగాం.

ఆయన ఏడ్చినట్టు లేదు. నేనూ ఏడవలేదు. కానీ ఆ రోజంతా ఇద్దరం ఒకరి గదిలోకి ఒకరం వెళ్ళలేదు.

రెండు రోజులు గడిచాక అన్నం తింటూ అడిగారు. "ఆ గొంతు బళ్ళో వాడతావా?"

తెలియదన్నట్టు చెయ్యి తిప్పాను.

"వాడొద్దులే."

ఎందుకన్నట్టు చూశాను.

"ఏమో. అది ఎక్కడా ఊపిరి తీసుకోవట్లా. గమనించావా? నువ్వు మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో పీల్చుకుంటావు. దాని పాటికది పోతా ఉంది."

నేను గమనించలేదు. ఆయన గమనించారు. ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్న కాపురంలో నేను ఎక్కడ ఊపిరి పీల్చుకుంటానో ఆయనకు తెలుసునన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. దానికి నేను ఏదైనా చేసి ఉండవలసింది. చెయ్యి పట్టుకోవడమో, మరొకటో. పెరుగు వేశాను.

సారుకి, ఆ గొంతు వద్దని రాశాను. ఎందుకని అడగలేదు. "సరే మేడం, తీసేస్తాను. పిల్లోళ్ళు రోబో మేడంకి అలవాటు పడినారు కదా" అన్నారు. క్లాసులో ఆ అమ్మాయి మళ్ళీ అడిగితే బోర్డు మీద 'కుదరలేదు' అని రాశాను.

చలి మొదలయ్యాక నందిగామలో టీచర్లకు రెండు రోజుల శిక్షణ అని ఆర్డరు వచ్చింది. చుట్టుపక్కల మండలాల సైన్సు టీచర్లందరూ రావాలి. చెప్పడానికి వచ్చేవాళ్ళలో ఆ సారు ఉన్నారని ఆయనే మెసేజ్ పెట్టారు. "మీ వైపు వస్తా ఉన్నా మేడం."

ఒక హైస్కూలు హాల్లో పెట్టారు. చందర్లపాడు నుంచి, కంచికచర్ల నుంచి, వత్సవాయి నుంచి వచ్చారు. ఆయన వీడియోలో కంటే పొట్టిగా ఉన్నారు. అదే రకం గళ్ళ చొక్కా. పొద్దుట నుంచి ఆపకుండా చెప్పారు. జోకులు కూడా అవే, వీడియోల్లో ఉన్నవే. మధ్యాహ్నానికి ఆయన గొంతు జీరబోయింది. మధ్యమధ్య జేబులోంచి గొంతు బిళ్ళ తీసి నోట్లో వేసుకుంటున్నారు.

భోజనాల దగ్గర పులిహోర పొట్లం పట్టుకుని ఆయన పక్కకి వెళ్ళి, ఫోన్లో నేనెవరో రాసి చూపించాను.

"ఓహో, మీరేనా మేడం!" అని పొట్లం పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు. తర్వాత ఇద్దరం తిన్నాం. ఇన్ని నెలలుగా అన్ని మెసేజ్‌లు పెట్టుకున్నవాళ్ళం, ఎదురుగా కూర్చుంటే పరాయివాళ్ళలా ఉంది. కాసేపటికి ఆయనే అన్నారు.

"ఎల్లుండి మధ్యాహ్నం నాకు బస్సు. పొద్దున ఖాళీ. మీ క్లాసు ఒకటి చూడొచ్చునా?"

రమ్మన్నట్టు తలూపాను. 'ఎందుకు సార్, మీకు తెలియనిది ఏముంది' అని రాశాను.

ఆయన చేయి తుడుచుకున్నారు. "పిల్లోళ్ళకు పాఠం చెప్పి మూడేండ్లైంది మేడం. నన్ను ట్రైనింగులకు డిప్యుటేషన్ మీద వేసినారు. ఈ జిల్లా, ఆ జిల్లా. బస్సులు, లాడ్జీలు. సార్లకు చెప్తాండా, పిల్లోళ్ళకు కాదు."

నాకు అప్పుడు ఆయన వీడియోలన్నీ గుర్తొచ్చాయి. వెనకాల బడి గోడ ఉంటుంది, ప్యానెల్ ఉంటుంది, ఖాళీ బెంచీలు ఉంటాయి. ఒక్క వీడియోలోనూ ఒక్క పిల్లవాడైనా కనపడలేదు. ఆదివారాలు ఏదో బడి తాళం అడిగి తీసుకుని వీడియోలు తీసేవారట.

శిక్షణ అయిపోయిన మర్నాడు నందిగామ నుంచి బస్సులో వచ్చి హైవే మీద దిగారు. నేను ఆటో దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన తనిఖీకి వచ్చారేమోనని హెచ్చెమ్ గారు కంగారుపడి కుర్చీ తుడిపించారు. "అదేం లేదమ్మా, ఊరికే వచ్చినాను" అని ఆయన రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

పదో తరగతిలో చివరి బెంచీలో కూర్చున్నారు. నేను ఆ వెనకే గోడకు ఆనుకుని నిలబడ్డాను. రోబో మేడం విద్యుత్ సామర్థ్యం చెప్పింది. పిల్లలు అట్టముక్కలు ఎత్తారు. నేను ఫోన్ తిప్పాను. పాఠం అయ్యాక మూడో బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, మీరు వీడియోల్లో చెప్తారంట గదా. మాకు కూడా చెప్పండి సార్."

ఆయన వద్దన్నారు. అందరూ "చెప్పండి సార్" అన్నారు. లేచి ముందుకు వెళ్ళారు. ప్యానెల్ వైపు చూసి, దాన్ని వదిలేసి సుద్దముక్క తీసుకున్నారు. చొక్కా సర్దుకున్నారు.

"ఏదన్నా అడగండి. ఏం అడగాలనుకుంటాండారో అడగండి."

ఆ అమ్మాయే అడిగింది. "సార్, మా చేలో మోటారుకి మూడు ఫేజులు వస్తయ్ గదా. ఒక ఫేజు పోతే రెండు ఉన్నయ్ గదా సార్. మరి మోటారు ఎందుకు కాలిపోద్ది? మొన్న మా నాన్నది కాలిపోయింది."

"మంచి ప్రశ్న," అన్నారు. బోర్డు మీద మూడు గీతలు గీశారు. "మంచి ప్రశ్న. పిల్లోళ్ళు ఇట్లాంటి ప్రశ్న వేసినప్పుడు మనం ఏం చేయాల సార్? జవాబు వెంటనే చెప్పకూడదు. ముందు…" అని ఆగారు.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో, "మమ్మల్ని సార్ అంటున్నాడ్రా" అన్నారు. క్లాసు ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే మళ్ళీ మొదలుపెట్టారు. "అంటే, ముందు కరెంటు అంటే ఏంటో చూసుకుందాము…" అని, ఓ రెండు వాక్యాలు చెప్పి, పిల్లలను ఒక ప్రశ్న అడిగి, వాళ్ళు నోరు తెరిచేలోపు తనే జవాబు చెప్పేసి, ఇంకో దాంట్లోకి వెళ్ళిపోయారు. హాల్లో వంద మందికి చెప్పేటప్పుడు వెళ్ళిపోయినట్టు. కాసేపటికి తనకే తెలిసింది. సుద్దముక్క వైపు చూసుకున్నారు. నా దగ్గరికి నడిచి వచ్చి దాన్ని నా చేతిలో పెట్టారు.

"మీరు కానియ్యండి మేడం," అన్నారు.

గంట కొట్టారు.

హైవే మీద బస్సు కోసం నిలబడ్డాం. పక్కన పత్తి లారీలు వెళుతున్నాయి. రోడ్డంతా దూది పీచు. ఆయన చొక్కా మీది పీచు దులుపుకున్నారు. తర్వాత, "ఆ పిల్ల అడిగిందానికి జవాబు చెప్పకుండానే వచ్చేసినాను" అన్నారు.

ఫోన్లో 'నేను రేపు చెబుతాను' అని రాసి చూపించాను. చదివి తలూపారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నట్టు అనిపించింది. దుమ్ము కూడా ఎక్కువగానే ఉంది. నేను ఏదో ఒకటి అనాలి. ఆయన నాకు క్లాసు తిరిగి ఇప్పించిన మనిషి. ఆ మాట రాయడానికి ఫోన్ తీశాను, బస్సు వచ్చేసింది. ఎక్కి కిటికీలోంచి చేయి ఊపారు. రాసిన సగం చెరిపేశాను.

మర్నాడు మోటారు సంగతి రోబో మేడం చేత చెప్పించాను. ఒక ఫేజు పోయినా నీళ్ళ బరువు తగ్గదు కాబట్టి మిగతా రెండు తీగలూ ఎక్కువ కరెంటు లాగుతాయని, అందుకే చుట్టలు వేడెక్కి కాలిపోతాయని. ఆ అమ్మాయి విని, "మా నాన్నకి చెప్తా మేడం" అని కూర్చుంది.

గొంతు ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. చెప్పడానికి ఏమీ లేదు. మిరపకాయల కాలంలో ఒక సాయంత్రం జగ్గయ్యపేట రైతు బజారులో వంకాయలు తూయిస్తున్నాను. అమ్మే ఆవిడ వేస్తూనే ఉంది. "చాల్లే," అన్నాను. బొంగురుగా, లోతుగా ఉంది కానీ మాటే. ఆవిడ తూకం ఆపేసింది. సంచీ పట్టాను. వేసింది. ఆవిడకు అందులో వింతేమీ లేదు కదా. నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. దారిలో మళ్ళీ అని చూడలేదు.

గొంతులో పనిచేసే స్వరతంత్రే పనిచేయని దానివైపు జరిగి సర్దుకుంటోందని తర్వాత డాక్టరు గారు చెప్పారు. పాత గొంతు రాదని, ఇది ఇంకొంచెం మెరుగవుతుందని అన్నారు. మా ఆయనకు బజారుకి వెళ్ళొచ్చిన ఆ రాత్రే అన్నం పెడుతూ, "పప్పు వేయనా?" అన్నాను. ఆయన ముద్ద ఆపి నా వైపు చూశారు. ఈసారి పరుగెత్తవలసిన దూరం లేదు. "వెయ్," అన్నారు. వేశాను. తర్వాత మా అమ్మాయికి ఫోన్ చేసి ఇచ్చారు.

మాట వచ్చినంత మాత్రాన ఇంట్లో మాటలు రాలేదు. పక్క గదిలోంచి మెసేజ్ పెట్టుకోవడం ఇంకా పోలేదు. కొన్ని రోజులు గుర్తుంటుంది, పిలుస్తాం. కొన్ని రోజులు ఫోన్ చేతిలో ఉంటుంది.

బళ్ళు మళ్ళీ తెరిచాక చిన్న మైకు ఒకటి నడుముకి కట్టుకుని నేనే పాఠం చెబుతున్నాను. కష్టమైన ముక్కలకి మాత్రం ప్యానెల్లో పాత పాఠాలు వేస్తాను. వెనకే నిలబడతాను. ముందు నిలబడటం మానేశాను.

ఆ సారు పేజీలో కొత్త వీడియోలు రావడం ఆగిపోయింది. పాతవాటి కింద టీచర్లు ఇంకా రాస్తూనే ఉన్నారు, తరువాతి వీడియో ఎప్పుడు సార్ అని. నేను విడిగా మెసేజ్ పెట్టి అడిగాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. ట్రైనింగుల నుంచి వెనక్కి పంపమని అడిగి అడిగి మళ్ళీ బడికి వెళ్ళారట. వాళ్ళ ఊరికి దూరంగా, కొండ కింద హైస్కూలు.

"వారానికి పీరియడ్లు దండిగా ఉండాయి మేడం," అని రాశారు. "ఇక్కడ ప్యానెల్ చెడిపోయి ఉండాది. బాగు చేసేవాళ్ళు రాలేదింకా. బోర్డు మీదనే చెప్తాండా. మొదటి నెలంతా పిల్లోళ్ళను సార్, సార్ అంటానే ఉన్నాను. ఇప్పుడు తగ్గింది."

నేను బస్సులో నిలబడి చదివాను. కండక్టరు వచ్చి ఎక్కడికి అని అడిగితే ఊరి పేరు చెప్పాను. బస్సు చప్పుడులో అతనికి వినపడలేదు. ఇంకోసారి చెప్పాను.